లీన్ మాస్ లెక్కతో రోజుకు ఎన్ని కేలరీలు తినాలి? ఒక్కో చోట ఒక్కో అంకె వస్తోంది

మారతహళ్లి_మురళి
వయసు 34, ఎత్తు 170 సెం.మీ., బరువు 78 కేజీలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారానికి నాలుగు రోజులు జిమ్, మిగతా టైమంతా కుర్చీలోనే. పొట్ట తగ్గించాలి, దానికి రోజుకు ఎన్ని కేలరీలు తినాలో లెక్క వేద్దామంటే ముందడుగే పడట్లేదు. ఇంట్లో స్మార్ట్ స్కేల్ కొవ్వు 22 శాతం అంటోంది, అదే వారం జిమ్‌లో మెషిన్ ఎక్కితే 29 అంది. పోనీ 22 అనుకుని ఆన్‌లైన్ కాలిక్యులేటర్లలో వేస్తే బీఎంఆర్ (ఊరికే పడుకున్నా రోజుకు ఒంటికయ్యే ఖర్చు) ఒకచోట 1684, ఇంకోచోట 1838, మూడోచోట 1678. ట్రైనర్ ఏమో 1400 దాటొద్దంటాడు. ఆఫీసులో ఒకాయన నీకు 2600 కావాలంటాడు. 1400కీ 2600కీ మధ్య ఒక మనిషి పూట భోజనం కాదు, రెండు పూటల భోజనం ఉంది. అసలు లీన్ మాస్ పెట్టి లెక్కేయడం మంచిదా, మామూలుగా బరువు పెట్టి వేసుకుంటే సరిపోతుందా? ఎవరైనా విడమరిచి చెప్పండి.

లెక్కల_లక్ష్మి
మీకొచ్చిన మూడు అంకెలూ మూడు వేర్వేరు ఫార్ములాలవి, అందుకే కలవట్లేదు.

1684 క్యాచ్-మకార్డిల్ ఫార్ములాది. 78 కేజీల్లో 22 శాతం కొవ్వు తీసేస్తే 60.84 కేజీల లీన్ మాస్ మిగులుతుంది. దాన్ని 21.6తో గుణించి 370 కలిపితే 1684. 1838 కన్నింగ్‌హామ్ 1980లో ఇచ్చిన ఫార్ములా, అందులో 22తో గుణించి 500 కలుపుతారు. ఆయనే 1991లో మరిన్ని అధ్యయనాలు కలిపి చూసి 370, 21.6 అని ఇచ్చారు, కాబట్టి మామూలు మనుషులకు ఆ రెండోదే వాడుకోవచ్చు. 1678 మిఫ్లిన్-సెయింట్ జోర్, 1990 నాటిది. అది కొవ్వు శాతం అడగదు, బరువు, ఎత్తు, వయసు, ఆడా మగా అని మాత్రమే అడుగుతుంది.

బీటీఎం_బుజ్జి
1400 ఏంటి బ్రో, ఊరికే పడుకున్నా మీ ఒంటికి 1650 పైనే కావాలని మూడు కాలిక్యులేటర్లూ చెప్తున్నాయి కదా. బీఎంఆర్ కంటే తక్కువ తిని జిమ్‌కి వెళ్లమంటున్నాడా ఆయన? ఏ లెక్కతో చెప్పాడో అడగండి.

మారతహళ్లి_మురళి
@బీటీఎం_బుజ్జి అడిగా. "అందరికీ ఇదే ఇస్తాం సార్" అన్నాడు.

బీటీఎం_బుజ్జి
అందరికీ ఒకటే అంటే అది డైట్ కాదు బ్రో, పీజీ మెనూ.

కబ్బన్_రన్నర్
లీన్ మాస్ లెక్కే కరెక్ట్, నా ఓటు దానికే. శరీరంలో కొవ్వు దాదాపు ఏమీ ఖర్చు పెట్టదు, ఖర్చంతా మిగతా భాగానిదే, అలాంటప్పుడు మొత్తం బరువు పెట్టి లెక్కేయడం ఎందుకు? నాకు 28 ఏళ్లు, 175 సెం.మీ., 80 కేజీలు, కొవ్వు 12 శాతం. మిఫ్లిన్ 1759 చూపిస్తుంది, లీన్ మాస్ లెక్కలో 1891 వస్తుంది. 130 కేలరీలు తేడా, అదీ పడుకుని ఉంటే. కండ ఉన్నవాడికి మిఫ్లిన్ అన్యాయం చేస్తుంది.

శైలజ_హెచ్ఎస్ఆర్
నాకు అలా ఏం కనిపించలేదండీ. 31 ఏళ్లు, 156 సెం.మీ., 52 కేజీలు, కొవ్వు 30 శాతం. లీన్ మాస్ 36.4 కాబట్టి 1156. మిఫ్లిన్ 1179. ఇరవై మూడు కేలరీల తేడా, అంటే నా కాఫీలో చెంచాన్నర చక్కెర. దీని కోసం మెషిన్ల చుట్టూ తిరగాలా?

వైట్‌ఫీల్డ్_వాసు
@శైలజ_హెచ్ఎస్ఆర్ మీరు మధ్యరకంలో ఉన్నారు కాబట్టి రెండూ దగ్గరగా వచ్చాయి. నా సంగతి వేరు. 110 కేజీలు, 172 సెం.మీ., 40 ఏళ్లు, డెక్సా స్కాన్‌లో (ఎక్స్-రేతో కొవ్వు కొలిచేది) కొవ్వు 40 శాతం వచ్చింది. మిఫ్లిన్ ప్రకారం 1980, లీన్ మాస్ ప్రకారం దాదాపు 1796. నేను మిఫ్లిన్‌ని నమ్ముకుని తింటే రోజూ 180 ఎక్కువ పడుతుంది. బాగా బరువున్నవాళ్లకీ, రన్నర్ లాంటి కండలోళ్లకీ లీన్ మాస్ లెక్క పనికొస్తుంది. మధ్యలో ఉన్నవాళ్లకి ఏదైనా ఒకటే.

నెల్లూరు_నాని
మధ్యలో ఉన్నామని మనం ఎలా తెలుసుకుంటాం అన్నదే అసలు చిక్కు. మనవాళ్లలో చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వు ఉన్నవాళ్లు చాలామంది. పుణే డాక్టర్ యాజ్నిక్, ఇంగ్లండ్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ కలిసి 2004లో లాన్సెట్‌లో తమ ఫొటోనే వేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే అంకె) 22.3. యుడ్కిన్‌కి కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2. బీఎంఐ ఒకటే, కొవ్వు మాత్రం రెండింతల పైన. మనకి బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు అనడానికి కారణం ఇదే. బరువు, ఎత్తు మాత్రమే చూసే ఏ ఫార్ములా అయినా మనవాళ్లకి కొంచెం ఎక్కువ చూపిస్తుందనే నా అనుమానం.

పద్మ_డైటీషియన్
నేను ఇక్కడే ఒక క్లినిక్‌లో చేస్తాను. కబ్బన్_రన్నర్ గారి మాటలో సగం నిజం ఉంది, సగం సరిచేయాలి.

లీన్ మాస్ అంటే కండ ఒక్కటే కాదు. ఎముక, నీళ్లు, రక్తం, కాలేయం, మెదడు, గుండె, మూత్రపిండాలు, కొవ్వు కానిదంతా అందులోకే వస్తుంది. ఖర్చు వీటన్నిటికీ సమానం కాదు. కేజీకి రోజుకు చూస్తే గుండెకీ మూత్రపిండాలకీ సుమారు 440 కేలరీలు, మెదడుకి 240, కాలేయానికి 200. విశ్రాంతిలో ఉన్న కండకి 13 మాత్రమే. కొవ్వుకి 4.5. అంటే జిమ్‌లో కష్టపడి 5 కేజీల కండ పెంచినా కూర్చున్నప్పుడు అదనంగా ఖర్చయ్యేది 65 కేలరీలు.

ఫార్ములాలో ఆ 370 ఎందుకుందని నన్ను చాలామంది అడుగుతారు. చిన్న మనిషికైనా పెద్ద మనిషికైనా మెదడు ఇంచుమించు ఒకే సైజు, కాలేయం కూడా కండ పెరిగినంత పెరగదు. లీన్ మాస్ తక్కువ ఉన్నవాళ్లకి కేజీకి ఖర్చు ఎక్కువ పడేది అందుకే. అంతేగానీ 370 ఏదో ఒక అవయవం ఖర్చు అనుకోకండి, అది లెక్కలో గీత సరిగ్గా కూర్చోవడానికి వచ్చిన అంకె.

కబ్బన్_రన్నర్
@పద్మ_డైటీషియన్ 13 ఏనా మేడం? మా జిమ్ గోడ మీద కేజీ కండకి 100 కేలరీలు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

పద్మ_డైటీషియన్
గోడ మీద ఏదైనా రాస్తారండీ. కానీ కండ పెంచడం మానొద్దు. ఆ కండతో మీరు మోసే బరువు, పరిగెత్తే దూరం, అక్కడ ఖర్చవుతుంది. పైగా డయాబెటిస్ మన ఇళ్లలో ఎంత ఉందో తెలిసిందే, తిన్న గ్లూకోజ్‌లో పెద్ద భాగాన్ని తీసుకునేది కండే.

కడప_కారం
29, 22 సంగతి ఎవరూ చెప్పలేదు. మురళి అన్నా, రెండు మెషిన్లూ ఒకే పని చేస్తాయి, ఒంట్లోకి చిన్న కరెంట్ పంపి ఎంత అడ్డు తగిలిందో చూస్తాయి. నీళ్లున్న చోట కరెంట్ తేలిగ్గా పోతుంది, కొవ్వులో పోదు. ఇంటి స్కేల్ పాదం నుంచి పాదానికి పంపుతుంది కాబట్టి పైభాగం సంగతి దానికి సరిగ్గా తెలియదు, మిగతాది మీ వయసు, ఎత్తు చూసి అంచనా కడుతుంది. జిమ్ మెషిన్‌కి చేతి పిడులు కూడా ఉంటే అది కాస్త నయం. కానీ నీళ్లు తాగి ఎక్కినా, చెమట పట్టాక ఎక్కినా అంకె మారిపోతుంది. పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చి, ఏమీ తాగకుండా, ఎప్పుడూ ఒకే స్కేల్ మీద చూడండి. అంకెని కాదు, నెలల మీద అది ఎటు పోతోందో చూడండి.

నెల్లూరు_నాని
టేపు కూడా ఉంది. అమెరికా నేవీ పద్ధతిలో మగవాళ్లకి మెడ, నడుము, ఎత్తు, ఆడవాళ్లకి తుంటి కూడా. రూపాయి ఖర్చు లేదు.

మారతహళ్లి_మురళి
టేపుతో 26 వచ్చింది. ఇప్పుడు 22, 26, 29.

లెక్కల_లక్ష్మి
మురళి గారూ, దీని గురించి ఇక టెన్షన్ వద్దు. ఎందుకో చూడండి.

22 శాతం అనుకుంటే 1684. 29 శాతం అనుకుంటే లీన్ మాస్ 55.38, బీఎంఆర్ 1566. ఏడు శాతం కొవ్వు దగ్గర కొట్టుకుంటే తేలిన తేడా 118 కేలరీలు.

ఇప్పుడు దాని మీద వేసే యాక్టివిటీ గుణకం చూడండి, అంటే రోజంతా ఎంత కదులుతారో దాన్నిబట్టి బీఎంఆర్‌ని గుణించే అంకె. కుర్చీ పనికి 1.2, తేలికపాటి వ్యాయామానికి 1.375, వారానికి మూడు నుంచి ఐదు రోజుల వ్యాయామానికి 1.55, రోజూ గట్టిగా చేసేవాళ్లకి 1.725. మీ 1684ని 1.2తో గుణిస్తే 2021. 1.55తో గుణిస్తే 2610, మీ ఆఫీసాయన చెప్పిన 2600 ఇక్కడిదే. ఒక్క డ్రాప్‌డౌన్ దగ్గర 589 కేలరీలు తేడా. కొవ్వు శాతం దగ్గర పోయేదానికి ఐదు రెట్లు. అందరం మెషిన్ల గురించి మాట్లాడుకుంటున్నాం గానీ అసలు తప్పు దూరేది ఈ తలుపు నుంచే.

నాలుగు రోజులు జిమ్ కదా అని 1.55 నొక్కేస్తారు. గంట జిమ్‌లో సెట్లకీ సెట్లకీ మధ్య విశ్రాంతి తీసేస్తే ఎంత మిగులుతుంది? ఆ తర్వాత అవుటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో గంటన్నర, ఆఫీసులో తొమ్మిది గంటలు. ఆ మిగతా ఇరవై మూడు గంటలు కూడా ఆ గుణకంలో ఉన్నాయి.

కబ్బన్_రన్నర్
దీంతో పూర్తిగా ఏకీభవిస్తా. ఇంకొకటి కలపండి, 1.55 వేసుకున్నాక మళ్లీ వాచ్ చూపించిన "ఈరోజు జిమ్‌లో 450" కూడా తినేస్తారు కొందరు. వ్యాయామం ఆ గుణకంలో ముందే ఉంది, రెండోసారి లెక్కేస్తున్నారు. వాచ్‌లో గుండె వేగం ఫర్వాలేదు, కేలరీలు మాత్రం నమ్మదగ్గవి కావు.

బీటీఎం_బుజ్జి
మా టీంలో ఒకడు వాచ్ 300 చూపిస్తే కింద దర్శినిలో బెన్నె దోస తింటాడు. వాచ్ వాడిదీ, దోస హోటల్‌దీ, నడుము మాత్రం మాతో పాటు కుర్చీలో కూర్చుంటుంది.

గుంటూరు_రవి
అన్నిటికీ లెక్కలేనా? మా తాత పొలానికి నడిచి వెళ్లి, రెండు పూటలా నెయ్యి వేసుకుని తిని 90 ఏళ్లు బతికాడు. ఆకలేస్తే తినండి, కడుపు నిండితే ఆపండి. 35 దాటాక మెటబాలిజం పడిపోతుంది, పొట్ట వస్తుంది, అది సహజం.

లెక్కల_లక్ష్మి
@గుంటూరు_రవి తాతగారి గుణకం 1.9 ఉండి ఉంటుంది. మనం ఆయన పళ్లెం ఉంచుకుని పొలం వదిలేశాం.

35 దాటాక పడిపోతుందన్న మాటకి మాత్రం ఆధారం లేదు. 2021లో పాంట్జర్, ఇంకా చాలామంది కలిసి సైన్స్ పత్రికలో వేసిన అధ్యయనం ఉంది, 29 దేశాల నుంచి 6400 మందికి పైగా. శరీర పరిమాణాన్నీ లీన్ మాస్‌నీ సరిచూసుకున్నాక 20 నుంచి 60 ఏళ్ల దాకా ఖర్చు దాదాపు నిలకడగా ఉంది, 60 తర్వాతే మెల్లగా తగ్గింది. ముప్పైల్లో పొట్ట వస్తోందంటే కదలిక తగ్గడం, కండ తగ్గడం, తిండి పెరగడం. వయసు మీద నెట్టేస్తే ఇక చేయడానికేమీ ఉండదు.

గుంటూరు_రవి
60 దాకా నిలకడా? ఇది వినలేదు ఎప్పుడూ. సరే, కదలిక సంగతి ఒప్పుకుంటా. తాతని మాత్రం వదలను.

శైలజ_హెచ్ఎస్ఆర్
మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, 2020లో ఇచ్చిన అంకెలు ఉన్నాయి కదా. కూర్చుని పనిచేసే 65 కేజీల మగవాళ్లకి 2110, 55 కేజీల ఆడవాళ్లకి 1660. మధ్యస్థంగా శ్రమ ఉంటే 2710, 2130. అవి చూసుకుంటే చాలదా?

పద్మ_డైటీషియన్
అవి జనాభాకి ఇచ్చిన సగటు అంకెలు, ఒక మనిషికి చీటీ రాసినట్టు కాదు. కానీ సరిచూసుకోవడానికి బాగా పనికొస్తాయి. కూర్చునే మనిషికి ఎవరైనా 2800 అంటే అనుమానించాలి, 1400 అన్నా అనుమానించాలి.

ఇక తిండి వైపు రండి. ఖర్చు లెక్కలో అందరూ దశాంశాల దాకా వెళ్తారు, తిన్నదాని దగ్గర "ఒక కప్పు అన్నం" అని రాసేస్తారు. బియ్యం 100 గ్రాములకి సుమారు 350 కేలరీలు. ఉడికిన అన్నం 100 గ్రాములకి సుమారు 130. యాప్‌లో ఏది ఎంచుకున్నారో చూసుకోండి, రెండున్నర రెట్లు తేడా వస్తుంది. నూనె, నెయ్యి ఏదైనా గ్రాముకి 9 కేలరీలు. పప్పులో పెద్ద చెంచాడు నెయ్యి వేస్తే 120, 130 దాకా పోతుంది, అది కంటికి కనిపించదు.

కడప_కారం
మారతహళ్లిలో ఉండి ఆంధ్రా మెస్‌కి వెళ్లకుండా ఉంటాడా అన్న. అక్కడ అన్లిమిటెడ్ అన్నం, పొడి, మళ్లీ నెయ్యి, గోంగూర పచ్చడి మీద వేలెడు నూనె. ఒక్క పూటే 1200 దాటుతుంది ఈజీగా. యాప్‌లో "ఆంధ్రా మీల్స్, 1 ప్లేట్, 650" అని ఉంటుంది. ఆ 650 ఎవరు తిని రాశారో.

మారతహళ్లి_మురళి
ఇంట్లో వండినది తూచే రాస్తున్నా, మెస్ ఆదివారం మాత్రమే, ఆ రోజు 1200 అనే రాస్తా. నా దగ్గర నెల లెక్క ఉంది. రోజుకు సగటు 2050 తిన్నా. బరువు రోజూ పొద్దున్నే చూసి వారం సగటు తీస్తున్నా, నాలుగు వారాల్లో ఆ సగటు 0.8 కేజీలు తగ్గింది. ఇందులోంచి ఏమైనా లాగొచ్చా?

లెక్కల_లక్ష్మి
ఇది ముందే చెప్పాల్సింది మీరు! ఇంతకంటే మంచి డేటా ఏ మెషిన్ ఇవ్వదు.

కేజీ కొవ్వులో సుమారు 7700 కేలరీలు. 0.8 కేజీలంటే 6160. దాన్ని 28 రోజులకి పంచితే రోజుకు 220 లోటు. మీరు తిన్నది 2050, దానికి 220 కలిపితే మీ ఖర్చు దాదాపు 2270. ఇది మీ ఒంటి అంకె, మీరు తూచే పద్ధతిలో వచ్చిన అంకె. మీరు రోజూ కొంచెం తక్కువ రాస్తున్నా ఫర్వాలేదు, ఇకముందు కూడా అలాగే రాస్తారు కాబట్టి ఆ తేడా ఇందులోనే సర్దుకుంటుంది.

వెనక్కి లెక్కేసి చూడండి. 22 శాతం నిజమైతే మీ గుణకం 1.35, 29 నిజమైతే 1.45. రెండిట్లో ఏది నిజమో తేలకపోయినా మీరు తినాల్సింది మారదు. నాలుగు రోజుల జిమ్‌తో కూడా 1.55 రాలేదు చూశారా.

వైట్‌ఫీల్డ్_వాసు
అయితే లీన్ మాస్ ఫార్ములా దేనికి ఇక?

లెక్కల_లక్ష్మి
మొదటి నెలకి. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా, 1400తోనో 2600తోనో మొదలుపెడితే ఆ నెల పాడవుతుంది. మీ లాంటివాళ్లకైతే మిఫ్లిన్ కంటే దగ్గరగా మొదలవుతుంది. ఆ తర్వాత బరువు చెప్పిందే వినాలి.

నెల్లూరు_నాని
ఒక చిన్న అభ్యంతరం. నాలుగు వారాల్లో తగ్గింది అంతా కొవ్వే అని లెక్క వేశారు. ఉప్పు, పిండిపదార్థం కాస్త తగ్గిస్తేనే ముందు నీళ్లు కేజీ, కేజీన్నర దిగిపోతాయి. మొదటి వారం కలిపితే ఖర్చు ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది.

లెక్కల_లక్ష్మి
కరెక్టే. మురళి గారూ, ఈ నాలుగు వారాల్లో మొదటి వారం కొత్తగా తిండి మార్చిన వారమేనా?

మారతహళ్లి_మురళి
కాదు, అంతకు ముందు నుంచే ఇంచుమించు ఇలాగే తింటున్నా. రాయడం ఆ తర్వాత మొదలైంది.

లెక్కల_లక్ష్మి
అయితే 2270 ఉంచుకోండి.

శైలజ_హెచ్ఎస్ఆర్
ఆడవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పీరియడ్స్ ముందు నీళ్లు పట్టి బరువు పెరుగుతుంది, ఈ వారాన్ని పోయిన వారంతో పోలిస్తే ఏమీ తేలదు. పోయిన నెల ఇదే వారంతో పోల్చుకోవాలి. ఇది తెలియక ఎంతమంది డైట్ మధ్యలో వదిలేస్తారో.

అనంతపురం_అమ్మాయి
మా పాపకి నాలుగో నెల, పాలిస్తున్నా. 61 కేజీలు. నేను ఈ ఫార్ములాలు వాడొచ్చా? ఇంట్లో అత్తయ్య నెయ్యి ఉండలు పెడుతున్నారు, ఫ్రెండ్స్ ఏమో 1300 డైట్ పంపిస్తున్నారు.

పద్మ_డైటీషియన్
@అనంతపురం_అమ్మాయి 1300 డైట్ ఫోన్‌లోంచి తీసేయండి తల్లీ. పాలిచ్చే మొదటి ఆరు నెలలు మామూలు అవసరం మీద రోజుకు 600 అదనంగా కావాలని ఎన్ఐఎన్ చెప్తుంది, ఆ తర్వాత ఏడాది నిండే దాకా 520. ఈ ఫార్ములాల్లో ఆ పాల ఖర్చు ఎక్కడా ఉండదు. ఇప్పుడు తగ్గడం గురించి ఆలోచించకండి, అత్తయ్యగారి ఉండలు తినండి, పప్పు, గుడ్లు, పెరుగు, ఆకుకూర కూడా పళ్లెంలో ఉండేలా చూసుకోండి.

థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్లకీ ఫార్ములా చెప్పినదానికంటే ఖర్చు తక్కువ ఉండొచ్చు. లెక్కలన్నీ సరిగ్గా ఉండి బరువు కదలకపోతే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఒకసారి చూపించుకోండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, షుగర్ దింపే మాత్రలు గానీ వాడుతుంటే డాక్టర్‌ని అడక్కుండా తిండి తగ్గించొద్దు, షుగర్ పడిపోతుంది.

అనంతపురం_అమ్మాయి
చాలా థాంక్స్ మేడం. ఈ పోస్ట్ మా ఆయనకి పంపించా.

మారతహళ్లి_మురళి
అయితే 2270లోంచి ఎంత తగ్గించాలి? 1400కి దిగితే త్వరగా అయిపోతుంది కదా అని ట్రైనర్ ఇంకా అంటున్నాడు.

పద్మ_డైటీషియన్
1400 అంటే రోజుకు 870 లోటు, కాగితం మీద వారానికి 0.8 కేజీ. కానీ ఆ తగ్గేదాంట్లో కండ కూడా పోతుంది, ఏ లీన్ మాస్ గురించి ఇంతసేపు మాట్లాడామో అదే పోతుంది. పైగా తక్కువ తిన్నప్పుడు మనిషి తెలియకుండానే కదలడం తగ్గిస్తాడు, మెట్లు మానేస్తాడు, కూర్చుండిపోతాడు.

1850 దగ్గర పెట్టుకోండి. మాంసకృత్తులు 120 గ్రాముల దాకా చూడండి, జిమ్ చేస్తూ తగ్గేవాళ్లకి అది కావాలి. ఎన్ఐఎన్ చెప్పే కేజీకి 0.83 గ్రాములు మామూలు ఆరోగ్యానికి, బరువు తగ్గేటప్పుడు కండ కాపాడుకోవడానికి కాదు. గుడ్డుకి 6 గ్రాములు, వండిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాములకి 30, పనీర్‌కి 18 లెక్కన చూసుకోండి. శాకాహారులైతే పప్పు గరిటె పెంచి అన్నం హస్తం తగ్గించండి.

కడప_కారం
అన్న ఆదివారం మెస్ మానక్కర్లేదు కదా మేడం? అది తేల్చండి ముందు.

పద్మ_డైటీషియన్
మానక్కర్లేదు. వారం మొత్తం మీద 12950 లోపల ఉంటే చాలు, ఆదివారం 2300 తిన్నా మిగతా ఆరు రోజులు 1775 చొప్పున సరిపోతుంది.

మారతహళ్లి_మురళి
1850తో మొదలుపెడుతున్నా, ఆదివారం మెస్‌తో సహా. గుణకం 1.35 నుంచి ఎటు పోతుందో నెల అయ్యాక అంకెలు ఇక్కడే పెడతా.

లెక్కల_లక్ష్మి
పెట్టండి. ఐదు కేజీలు తగ్గాక మాత్రం మళ్లీ లెక్కేయండి, అప్పటికి 2270 ఉండదు. ఇంకోటి, వారం సగటు తీసేటప్పుడు ఊరికి వెళ్లొచ్చిన వారం బరువులు కూడా వేయండి, బాగోలేదని తీసేయొద్దు.